రాత్రికో దారం: చలికాలం బొంత డైరీ

అక్టోబర్ మొదటి వారం

ఈ చలికాలానికి ఒక చిన్న బొంత కుడదామని మొదలుపెట్టా. మిషన్ ముట్టుకోకుండా మొత్తం చేత్తోనే, అదీ ఒకే ఒక్క కుట్టుతో, సూది పట్టిన ప్రతివాళ్ళకీ మొదట వచ్చే రన్నింగ్ స్టిచ్ తో, అంటే సూదిని కిందకీ పైకీ తీస్తూ వరుసగా వేసుకుపోయే కుట్టుతో. వెడల్పు 36 అంగుళాలు, పొడవు 45. మంచానికి చాలదు కానీ కూర్చున్నప్పుడు కాళ్ళ మీద కప్పుకోడానికి సరిగ్గా సరిపోతుంది, పైగా కుడుతున్నంతసేపూ ఒళ్ళోనే ఉంటుంది కాబట్టి పూర్తవకముందే వెచ్చదనం ఇవ్వడం మొదలుపెడుతుంది, ఈ సైజు ఎంచుకోడానికి అసలు కారణం అదే.

మిషన్ మీద ఐతే ఇది ఒక పూట పని, తెలుసు. నాకు కావాల్సింది బొంత ఒక్కటే కాదు, ఈ నాలుగైదు నెలల సాయంత్రాలు కూడా. పొద్దు కుంచించుకుపోతోంది, చెట్లు ఆకులు రాల్చేసి తేలికపడుతున్నాయి, మనమేమో లైట్లు వేసుకుని ఎండాకాలంలో ఎంత స్పీడుగా ఉన్నామో అంతే స్పీడుగా రాత్రి పడుకునేదాకా పరిగెడుతున్నాం, ఒంటికి మాత్రం కొంచెం ఆగుదాం అనిపిస్తూనే ఉంటుంది. ఆగడం అంటే ఊరికే కూర్చోడం నాకు చేతకాదు, చేతులకి ఏదో ఒకటి కావాలి, లేకపోతే అవే ఫోన్ దగ్గరికి వెళ్ళిపోతాయి.

అందుకే ఒక రూల్ పెట్టుకున్నా. రోజుకి ఇన్ని వరుసలు, నెలకి ఇంత భాగం అని లెక్క వద్దు. సాయంత్రానికి ఒక దారం. ఒక దారం అంటే వేలికొస నుంచి మోచేయి దాకా వచ్చేంత, సుమారు 45 సెంటీమీటర్లు. అది అయిపోతే ఆ రోజు పని అయిపోయినట్టే, ఇంకా ఉత్సాహం ఉంటే ఇంకొకటి ఎక్కించొచ్చు, లేకపోతే మడత పెట్టేయొచ్చు. ఎవరికీ కానుకగా ఇస్తానని చెప్పలేదు, కావాలనే చెప్పలేదు, ఇస్తానన్నామంటే దానికో తేదీ వచ్చి కూర్చుంటుంది, ఇక ప్రతి కుట్టూ ఆ తేదీ వైపే చూస్తుంది.

అక్టోబర్, బట్టలు ఎంచడం

పై పొరకి వాడి వాడి మెత్తబడిన కాటన్ చీర ఒకటి, అడుగు పొరకి పాత కాటన్ దుప్పటి, మధ్యలోకి ఇంకో పాత ఫ్లానెల్ దుప్పటి ముక్క. కొత్త బట్ట ఎందుకు వద్దనుకున్నానంటే, చేత్తో మూడు పొరల్లోంచి సూది దించాలి కదా, గట్టి నేత ఉన్న కొత్త షీట్లలో పడుగూ పేకా ఎంత దగ్గరగా ఉంటాయంటే సూది ప్రతిసారీ తోసుకుని వెళ్ళాలి, కాసేపటికే వేలు నెప్పి. ఏళ్ళ తరబడి ఉతికిన బట్టలో పోగులు వదులై ఉంటాయి, సూది దానంతట అదే దారి చూసుకుంటుంది. పాత బట్టల్లో ఇంకో లాభం, ముడుచుకోవాల్సినంత ముడుచుకుపోయి ఉంటాయి. కొత్తది వాడేవాళ్ళు మాత్రం ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టుకోండి, కుట్టిన తర్వాత ఒక పొర ముడుచుకుని ఇంకోటి ముడుచుకోకపోతే బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది.

రంగు దిగుతుందో లేదో చూడడానికి తడిపిన తెల్ల గుడ్డతో ముదురు రంగు భాగాన్ని గట్టిగా రుద్దితే చాలు. తర్వాత ప్రతి ముక్కనీ కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూశా, ఎక్కడ పలచబడిందో, ఎక్కడ చిల్లు పడబోతోందో మొత్తం కనబడిపోతుంది. పలచబడ్డ చోట్లని తీసేయలేదు, వాటి మీద చిన్న అతుకులు వేశా, అక్కడ కుట్లు కొంచెం దగ్గరగా వేస్తే మిగతా బట్టకంటే గట్టిగా నిలబడతాయి.

ముక్కల్ని కత్తెరతో కోయకుండా చింపా. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే కాటన్ పోగు వెంబడే చినుగుతుంది, స్కేలు పెట్టి గీసినదానికంటే తిన్నగా వస్తుంది. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టం. అంచుల్లో కాస్త పీచు వస్తుంది, పర్లేదు, లోపలికి మడిచేస్తాం.

పొరలు ఎందుకు అనే సంగతి ఆలోచిస్తే బాగుంటుంది. ఒక మందపాటి బట్టకంటే మూడు పలచటి పొరలు వెచ్చగా ఉండడానికి కారణం మధ్యలో చిక్కుకున్న గాలి, కదలకుండా నిలిచిపోయిన గాలి వేడిని తొందరగా పోనివ్వదు. చలికి బొంత కుట్టిన ప్రతిచోటా జనం ఇది చేతుల్తోనే కనిపెట్టారు. బెంగాల్ కాంథా తీసుకోండి, పాత చీరలు పంచెలు పొరలుగా పేర్చి రన్నింగ్ స్టిచ్ తో కలిపి కుట్టేవాళ్ళు, కుట్టడానికి దారం కూడా ఆ చీర అంచుల్లోంచే పోగులు లాగి తీసుకునేవాళ్ళు. బట్టా దారం రెండూ ఒకే చీరవి. కొనాల్సింది సూది ఒక్కటే.

అక్టోబర్ చివర, టాకాలు

పొరలు మూడూ కదలకుండా పట్టి ఉంచే పెద్ద పెద్ద తాత్కాలిక కుట్లు, అవే టాకాలు, ఈ వారం అంతా వాటితోనే సరిపోయింది. చూడ్డానికి ఇందులో అందం ఏమీ ఉండదు, చివరికి పీకి పారేసే దారం, ఇంత శ్రద్ధ ఎందుకు అనిపిస్తుంది, కానీ బొంత తిన్నగా రావడం అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

అడుగు బట్టని తిరగేసి నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేశా, బిగుతుగా లాగకుండా ముడతలు లేనంతవరకు మాత్రమే, లాగి అతికిస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుని పై పొరలన్నీ కుచ్చులు పడతాయి. దాని మీద ఫ్లానెల్, దాని మీద చీర ముక్క, ఒక్కో పొరనీ మధ్య నుంచి బయటికి అరచేత్తో సవరించుకుంటూ. అడుగు బట్ట మాత్రం నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచా, చివర్లో దాన్నే పైకి మడిచి అంచు కట్టొచ్చు, వేరే పట్టీ అక్కర్లేదు.

టాకాలు కూడా నడి మధ్యలోంచే మొదలవ్వాలి. మధ్య నుంచి నాలుగు దిక్కులకీ నక్షత్రంలా ముందు వేసుకుని, తర్వాత అడ్డంగా నిలువుగా నాలుగు అంగుళాల ఎడంతో. సేఫ్టీ పిన్నులతో కూడా చేస్తారు, త్వరగా అవుతుంది, నేను పెట్టుకోలేదు ఎందుకంటే చేత్తో కుట్టేటప్పుడు దారం వెళ్ళి వెళ్ళి ఆ పిన్నులకే చుట్టుకుంటుంది, ఒళ్ళో బరువుగా గుచ్చుకుంటూ ఉంటాయి కూడా.

నవంబర్ మొదట్లో, సూదీ దారమూ

దారం పర్ల్ కాటన్, 8 నంబర్, లేత గోధుమ రంగు. ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల లచ్చి దారాన్ని కావాల్సినన్ని పోగులుగా విడదీసుకుంటాం కదా, పర్ల్ కాటన్ అలా విడదీసేది కాదు, రెండు పోగుల్ని గట్టిగా పురి పెట్టి ఉంటుంది, ఆ పురి వల్లే ప్రతి కుట్టూ కొంచెం పైకి ఉబికి పూసలా కనిపిస్తుంది. నంబర్ పెరిగేకొద్దీ సన్నబడుతుంది, 5 లావు, 12 బాగా సన్నం. సూది కూడా అంతే, నంబర్ పెద్దదైతే సూది చిన్నది. నాకు 5 నంబర్ ఎంబ్రాయిడరీ సూది బాగా కుదిరింది, బెజ్జం పొడుగ్గా ఉంటుంది, మొన సన్నగా ఉంటుంది. బెజ్జం దారంకంటే కాస్త పెద్దదిగానే ఉండాలి, ఎందుకంటే బట్టలో దారానికి దారి చేసేది సూది వెనక భాగమే, అది మరీ సన్నగా ఉంటే దారం ప్రతి కుట్టుకీ రాసుకుని పీచు పీచు అవుతుంది.

చిన్న లెక్క ఒకటి వేసుకున్నా. వరుసకీ వరుసకీ మధ్య ముప్పావు అంగుళం, 45 అంగుళాల పొడవులో 60 వరుసలు. 45 సెంటీమీటర్ల దారంలో ముడికీ చివరి తోకకీ పోను, మూడు పొరల్లో కిందకీ పైకీ తిరిగేది పోను, ఒక అడుగు కుట్టు వస్తుంది, అంటే వరుసకి మూడు దారాలు, మొత్తం 180. దారం పొడవు 81 మీటర్లు. ఈ దారం ఉండ ఒకటి 80 మీటర్లు ఉంటుంది, అందుకని రెండు ఉండలు పక్కన పెట్టుకున్నా, చివరి వరుస దగ్గర రంగు తేడా వచ్చే అవకాశం లేకుండా.

ఇంకా పొడవు దారం తీసుకోవచ్చు కదా, మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుంది అని అడుగుతారు చాలామంది. పొడవు దారం మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా అదే బట్టలోంచి వందసార్లు రాసుకుంటూ వెళ్తుంది, చివరికి వచ్చేసరికి మెరుపు పోయి బొచ్చు లేచి ఉంటుంది, పైగా చేయి చాచిన ప్రతిసారీ భుజం కదలాలి. మోచేయి పొడవు దారమైతే మణికట్టూ మోచేయీ కదిలితే చాలు, భుజం ఊరికే ఉంటుంది. ఆ కొలత ఒంటి నుంచే వచ్చింది కాబట్టి ఒంటికి సరిపోతుంది.

ముడి వెనకవైపు కనిపించకుండా దాచడం ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చే క్షణం. దారం కొసని సూది మీద పెట్టి రెండు మూడు చుట్లు తిప్పి, ఆ చుట్లని వేళ్ళతో పట్టుకుని సూదిని పైకి లాగితే చుట్లన్నీ జారి కొసన చిన్న గట్టి ముడి పడుతుంది. మొదటి కుట్టు పైకి రావాల్సిన చోటికి ఒక అంగుళం పక్కన పై పొరలోకి సూది దించి, పొరల మధ్యలోంచే నడిపి, అసలు చోట పైకి తీసి మెల్లగా లాగాలి, ముడి బట్ట దగ్గర ఆగుతుంది, ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగితే చిన్నగా టప్ మని లోపలికి వెళ్ళిపోతుంది. బట్ట మీద ఏమీ ఉండదు. వేలిగోరుతో ఆ చోట పోగుల్ని ఒకసారి సర్దితే దూరిన గుర్తు కూడా పోతుంది.

నవంబర్ మూడో వారం

నడి మధ్య వరుసతో మొదలుపెట్టి పైకీ కిందకీ ఒక్కో వరుసా పెంచుకుంటూ వెళ్తున్నా, మధ్యలో ఎక్కడైనా వదులు ఉంటే అంచుల వైపు తోసుకుపోయేలా. అంగుళానికి ఐదు కుట్ల వరకు వస్తున్నాయి. సూది మీద మూడు నాలుగు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగుతా. కుడిచేతి మధ్యవేలికి థింబుల్, అదే సూదిని నెట్టడానికి వేలికి తొడుక్కునే చిన్న టోపీ, ఎడమచేయి బొంత కింద. సూది మొన కిందకి దిగి ఎడమ వేలికి లీలగా తగలగానే పైకి తిప్పాలి, మూడు పొరలూ పట్టింది అనడానికి ఆ తగలడమే గుర్తు, కళ్ళతో చూసి తెలుసుకునేది కాదు.

వరుసలో ఒక భాగం కుట్టాక బొటనవేలూ చూపుడువేలూ మధ్య కుట్టు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సాగదీసినట్టు రాయాలి. జపాన్ లో ఇలాగే రన్నింగ్ స్టిచ్ తో చేసే కుట్టుపని సషికో, అది కుట్టేవాళ్ళు ప్రతి వరుసకీ ఇది చేస్తారు. దారం లాగినప్పుడు బట్ట కొంచెం ముడుచుకుంటుంది, కంటికి కనబడదు, వేలితో రాస్తే ఆ ముడత విప్పుకుని దారం బట్టంతా సమంగా సర్దుకుంటుంది. కుట్టడంలో తొందర ఉంటే మొదట వదిలేసేది ఈ పనినే, దాన్ని వదిలేయకుండా ఉంటే మిగతా తొందర కూడా మెల్లగా దిగిపోతుంది అని నాకు అనిపిస్తోంది.

మైండ్‌ఫుల్‌గా కుట్టడం అంటే మనసు ఖాళీ చేసుకుని కూర్చోడం అనుకుంటారు, నా అనుభవంలో అదేం కాదు. ఆలోచనలు వస్తూనే ఉంటాయి, ఆఫీస్ సంగతి, ఎవరో అన్న మాట, రేపటి పని, రానిస్తా. కానీ సూది కింద వేలికి తగలాల్సిన ఆ లీల స్పర్శ ఉంది చూడండి, దానికి మనిషి అక్కడ ఉండాల్సిందే, ఆలోచన మరీ దూరం వెళ్తే వేలు వెంటనే చెప్తుంది. అలా వెళ్తూ వస్తూ ఉంటుంది మనసు. ఎవరి మీదో విసుగ్గా ఉన్న రోజు కుట్లు పొడుగ్గా వస్తున్నాయి, దారం బిగుసుకుంటోంది, నిద్ర బాగా పట్టిన మర్నాడు చిన్నగా సమంగా వస్తున్నాయి. విప్పడం లేదు వేటినీ. పొడుగు కుట్టు కూడా మూడు పొరల్నీ పట్టే ఉంచుతోంది, ఆ సాయంత్రం ఎలా గడిచిందో అలా ఉండనివ్వడమే నాకు ఇష్టం.

దారం మధ్యలో పురి ఎక్కువై మెలికలు పడుతుంటే బొంతని కొంచెం ఎత్తి సూదిని కిందకి వేలాడదీయండి, అదే గిరగిరా తిరిగి మెలికలు విప్పుకుంటుంది. ఊరికే చూస్తూ ఉండాల్సిన పని అది. ఒక దారం కుట్టడానికి నాకు ఇరవై నిమిషాలు అటూ ఇటూగా పడుతోంది, ఇది అనుకోకుండా బాగా కలిసొచ్చింది, కళ్ళకి విశ్రాంతి కోసం డాక్టర్లు 20-20-20 అని చెప్తారు కదా, ప్రతి 20 నిమిషాలకీ 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని. టైమర్ అక్కర్లేదు, దారం అయిపోతే గంట కొట్టినట్టే. తల ఎత్తి దూరంగా చూసి, భుజాలు కిందకి వదిలేసి, అప్పుడు ఇంకో దారం ఎక్కించాలా వద్దా అని ఆలోచించడం.

నవంబర్ చివర, గీతల గొడవ

వరుసలు తిన్నగా రావడానికి గీతలు దేనితో గీయాలి అని చాలా చూశా. వేడికి మాయమయ్యే పెన్నులు ఉన్నాయి, ఇస్త్రీ పెడితే గీత పోతుంది, బాగానే ఉంటుంది, కానీ ఆ ఇంకు 60 డిగ్రీల వేడికి రంగు కోల్పోతుందే తప్ప బట్టలోంచి ఎక్కడికీ పోదు, మైనస్ 10 కంటే చల్లబడితే గీత మళ్ళీ పైకి తేలుతుంది. బాగా మంచు పడే చోట ఉండేవాళ్ళకి చలికాలం బొంత మీద అది పనికొచ్చే సంగతి కాదు. నీళ్ళతో పోయే పెన్ను కొంచెం నయం, కానీ ఆ గీతల మీద పొరపాటున కూడా ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి మరక ఉండిపోవచ్చు.

చివరికి ఇంకు ఏదీ వద్దనుకున్నా. సషికో వాళ్ళు హెరా అనే చిన్న పనిముట్టుతో బట్టని నొక్కి గీస్తారు, రంగు ఉండదు, మడత లాంటి మెరుపు గీత మాత్రం పడుతుంది, కుట్టు పూర్తయ్యేసరికి అదే పోతుంది. మొద్దుగా ఉన్న టేబుల్ కత్తి వెనక వైపుతో అదే పని జరుగుతోంది. మొదటి కొన్ని వరుసలకి అలా గీశా, తర్వాత అదీ మానేశా, ముందు వరుసకి ముప్పావు అంగుళం వెడల్పు మాస్కింగ్ టేపు ఆనించి దాని అంచు వెంబడే కుడుతున్నా, లేచేటప్పుడు టేపు తీసేస్తా, రాత్రంతా ఉంచితే జిగురు అంటుకుంటుంది.

డిసెంబర్

పగలు బాగా చిన్నదైపోయింది. ఉత్తరార్ధగోళంలో అన్నిటికంటే చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22, అప్పటిదాకా ఇంకా తగ్గుతూనే ఉంటుంది. దీపం ఎక్కడ పెట్టాలన్నది ఈ నెలలో పెద్ద విషయం. కుడిచేత్తో కుట్టేవాళ్ళకి వెలుతురు ఎడమ భుజం మీదుగా రావాలి, లేకపోతే చేతి నీడే కుట్టు మీద పడుతుంది, ఎడమచేతి వాళ్ళకి కుడి భుజం మీదుగా. చీరలో ముదురు నీలం భాగాలు, తెలుపు భాగాలు రెండూ ఉన్నాయి, నీలం దగ్గర రాత్రిపూట పోగులు కనపడక కళ్ళు లాగుతున్నాయి, అందుకని నీలం వైపు వరుసలన్నీ సెలవు రోజు పగటి వెలుతురుకి దాచుకుంటున్నా, తెలుపు వైపు రాత్రులకి. పనిని పొద్దుతో పంచుకోవడం ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు నేను, బాగుంది.

చలికి వేళ్ళు మొద్దుబారుతున్నాయి. కూర్చునేముందు రెండు చేతులూ గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి బాగా తుడుచుకుంటే సూది పట్టు వస్తుంది. చర్మం పగిలితే ఆ గరుకుకి దారం పట్టుకుంటోంది, క్రీము రాసుకోవాలి కానీ కుట్టేముందు రాస్తే జిడ్డు బట్టకి ఎక్కుతుంది, అందుకే పని అయ్యాక పడుకునేముందు రాసుకుంటున్నా.

అసలు సూది అన్నదే చలికాలపు పనిముట్టు అని చదివినప్పటి నుంచి దాన్ని చూసే తీరు మారిపోయింది నాకు. సైబీరియాలో దెనిసోవా గుహలో పక్షి ఎముకతో చేసిన సూది దొరికింది, బెజ్జంతో సహా, ఏడు సెంటీమీటర్ల పైన పొడవు, వయసు 40 వేల ఏళ్ళ పైమాటే. తోళ్ళు ఊరికే కప్పుకుంటే సందుల్లోంచి చలి దూరుతుంది, ఒంటికి పట్టినట్టు కలిపి కుడితేనే ఆ చలిలో మనిషి బతకగలడు. నా చేతిలో ఉన్నది స్టీలు, అంతే తేడా, బెజ్జం ఉన్నది అక్కడే, దారం వెళ్ళే తీరు అదే.

జపాన్ ఉత్తరాన త్సుగారు అనే ప్రాంతం కథ కూడా ఈ చలిలో బాగా గుర్తొస్తోంది. అక్కడి చలికి పత్తి పండదు, ఎడో అని పిలిచే పాలన కాలంలో, అంటే 1603 నుంచి 1868 మధ్య, రైతులకి నూలు బట్ట కట్టుకునే అనుమతి కూడా ఉండేది కాదు, జనపనార లాంటి హెంప్ బట్టే గతి. ఆ నేత వదులుగా ఉంటుంది, గాలి దూసుకొస్తుంది. ఆడవాళ్ళు ఆ పోగుల సందుల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ దారంతో నింపేసేవాళ్ళు, బట్ట మందంగా వెచ్చగా అవడానికి, పొలాలు మంచు కింద ఉన్న నెలల్లో కూర్చుని. కొగిన్ అంటారు ఆ పనిని. ఇవాళ దాని డిజైన్లు చూసి ఎంత అందంగా ఉన్నాయో అంటాం, ఆ వజ్రాల ఆకారాలన్నీ చలిని ఆపడానికి మూసిన సందులే. వాళ్ళకి నిదానం అనేది ఎంచుకున్న సరదా కాదు, ఆ మాట మర్చిపోకుండా ఉండాలనే ఇక్కడ రాస్తున్నా.

జనవరి

ఒక వారం అసలు ముట్టుకోలేదు. జలుబు, ఒళ్ళు నొప్పులు. ఒళ్ళో కప్పుకుని పడుకున్నా అంతే, టాకాలతో సహా. వరుసలు పైవైపు దాదాపు అంచుదాకా వచ్చాయి, కిందవైపు ఇంకా చాలా ఉంది.

పెద్దమ్మ వచ్చి నాలుగు రోజులుంది. వచ్చిన సాయంత్రమే బొంత తిరగేసి వెనకవైపు చూసింది, ముందు వైపు కాదు. "ముళ్ళు ఎక్కడ దాచావే, కనపడట్లేదు" అంది. చూపించా. తర్వాత ఒక వరుస మీద అరచేయి పెట్టి అలా రాసి, "ఇక్కడ దారం బిగించావు చూడు, అంత లాగకు తల్లీ, బట్టకి ఊపిరాడాలి" అంది. నిజమే, అవి డిసెంబర్ నెలాఖరు ఒత్తిడి రోజుల వరుసలు. "నువ్వు కుట్టు పెద్దమ్మా ఒక దారం" అని సూది ఎక్కించి ఇచ్చా. కళ్ళద్దాలు సవరించుకుని థింబుల్ వద్దని పక్కన పెట్టేసి, సూదిని కదపకుండా పట్టుకుని ఎడమచేత్తో బట్టనే కిందకీ పైకీ ఆడించింది, సూది ఉన్నచోటే ఉంది, బట్ట వచ్చి దాని మీదకి ఎక్కుతోంది. నేను సూదిని తిప్పుతా, ఆవిడ బట్టని తిప్పుతుంది. ఆరేడు కుట్లు ఒకేసారి ఎక్కుతున్నాయి, నావాటికంటే కొంచెం పెద్దవి, అన్నీ ఒకే పొడవు.

ఉన్నన్నాళ్ళూ రోజూ ఒక దారం ఆవిడది, ఒకటి నాది, పక్కపక్కన. టీవీ పెట్టమని కూడా అడగలేదు. మాటలు వాటంతట అవే వచ్చాయి, ఇద్దరం చేతుల వైపు చూస్తూ మాట్లాడుకుంటే మామూలుగా మొహం చూసి చెప్పలేని సంగతులు కూడా తేలిగ్గా చెప్పేసుకుంటాం అనిపించింది. అవి ఇక్కడ రాయను. ఆవిడ కుట్టిన వరుసలు ఎవరు చూసినా గుర్తుపట్టొచ్చు, తేడా తెలిసేలాగే ఉంచేశా. ఆ బట్ట ఆడించే పద్ధతి నేర్చుకుంటున్నా, తిన్నగా ఉన్న పొడవు వరుసలకి ఇదే మేలు, మణికట్టుకి శ్రమ చాలా తక్కువ, అతుకులున్న మందమైన చోట్ల మాత్రం పనిచేయట్లేదు, అక్కడ ఒక్కో కుట్టూ నిలువుగా గుచ్చి తీయాల్సిందే.

ఫిబ్రవరి రెండో వారం

వరుసలు అయిపోయాయి. టాకాలు విప్పుతుంటే పొరలు ఎక్కడా జారలేదు, ఆ అక్టోబర్ వారానికి ఇప్పుడు ఫలితం కనపడింది. బొంత వెడల్పు కుట్టుకి కొంచెం దగ్గరపడి 35 అంగుళాలకి వచ్చింది, చేత్తో కుట్టిన దేనికైనా ఇంతమాత్రం ఉంటుంది, పక్కా కొలత కావాల్సినవాళ్ళు మొదట్లోనే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ పెట్టుకోండి.

ఇప్పుడు అంచులు. పై రెండు పొరల్నీ సమంగా కత్తిరించి, ఎక్కువ ఉంచిన అడుగు బట్టని రెండు అంగుళాల్లో సగానికి ఒక మడత, మళ్ళీ ఇంకో మడత పైకి వేసి, అంగుళం వెడల్పు పట్టీలా తెచ్చి హెమ్మింగ్ చేస్తున్నా. మూలల దగ్గర ముందు కొసని త్రికోణంలా లోపలికి మడిచి తర్వాత రెండు వైపులూ మడిస్తే ఏటవాలు గీత మీద రెండూ కలుస్తాయి, మూల దగ్గర బట్ట మరీ లావైతే లోపలి కొస కొంచెం కత్తిరించేయాలి, మూలకి మరీ దగ్గరగా మాత్రం వద్దు. హెమ్మింగుకి పర్ల్ దారం వాడట్లేదు, బట్ట రంగులో కలిసిపోయే మామూలు కాటన్ దారం, దానికి తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగి రాసుకుంటున్నా, సన్న దారం చిక్కుపడకుండా ఉంటుంది.

హెమ్మింగ్ వేరే రకం నిదానం. వరుసల్లో ఒక లయ ఉంటుంది, చేయి దాని దారిన అది పోతుంది, ఇక్కడ ప్రతి కుట్టుకీ అడుగున రెండు పోగులు మాత్రమే పట్టుకోవాలి, మడతలో దూరి కాస్త ముందుకెళ్ళి మళ్ళీ రెండు పోగులు. మాట్లాడుతూ చేయలేను, పాటలు పెట్టుకుని కూడా చేయలేను. పొద్దు పెరుగుతోంది కదా, ఈ పని సాయంత్రపు వెలుతురులోనే అవుతోంది ఇప్పుడు, దీపం అవసరం రావట్లేదు.

మూడు వైపులు అయ్యాయి, కిందవైపు ఒకటి మిగిలింది. అది కూడా అయ్యాక చల్లటి నీళ్ళలో కొంచెం మైల్డ్ సబ్బుతో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నీళ్ళు ఒత్తేసి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీయకూడదు, తడిసిన మూడు పొరల కాటన్ బరువంతా కుట్ల మీదే పడుతుంది. ఆరిన తర్వాత కుట్ల మధ్య బట్ట చిన్నగా ఉబ్బి సన్న సన్న ముడతలు తేలుతాయి, బొంతకి ఆ మెత్తదనం మొదటి ఉతుకు తర్వాతే వస్తుంది. రెండో ఉండలో దారం చాలా మిగిలింది, పాత దుప్పట్లూ ఇంకా ఉన్నాయి, పెద్దమ్మకి కూడా ఒకటి కావాలట, "తొందరేం లేదే, వచ్చే చలికాలానికి చూద్దాం, నేనూ వస్తాగా" అంది ఫోన్లో.